మెట్టకి ఏ దుంప, పల్లానికి ఏ దుంప: విశాఖ చుట్టుపక్కల వేసుకునేవాళ్లకి

ఎండకి, వానకి, తుపానుకి అన్నిటికీ తట్టుకునే దుంప ఏదని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు. కర్రపెండలం బెట్టకి, అంటే వాన లేని ఎండు రోజులకి, మొండి పంట. అదే కర్రపెండలం చేలో మూడు రోజులు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లడం మొదలవుతుంది. చేమ బురదలో హాయిగా పెరుగుతుంది గానీ వాన పది రోజులు మొహం చాటేస్తే ముందు వాడిపోయేది అదే. పుస్తకాల్లో ఇది బెట్ట పంట, అది ముంపు పంట అని గీత గీసి రాస్తారు. మన చిక్కేమిటంటే ఇక్కడ ఆ రెండు కష్టాలూ ఒకే పంటకాలంలో, ఒకే చేలో వస్తాయి.

మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయని దుక్కి దున్ని నాటేస్తాం. ఆ తరవాత జూలైలో వాన ఎడం ఇస్తుంది, మొక్క ముడుచుకుపోతుంది. తీరా దుంప ఊరి, తవ్వే వేళకి చిత్త, స్వాతి కార్తెలు. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం అది. హుద్‌హుద్ మన ఊరి మీదకి వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018లో పలాస దగ్గర తీరం దాటింది, అదీ అక్టోబరే. భూమి వేడెక్కుతున్న కొద్దీ వాన మొత్తం పెద్దగా మారకపోయినా పడే తీరు మారుతోంది: ఎడాలు పొడుగవుతున్నాయి, పడ్డప్పుడు ఒక్కసారే కుండపోతగా పడుతోంది. అందుకని నేను దుంప పేరు చివర్లో చూస్తాను. ముందు చూసేది ఆ దుంప ఏ నెల దాకా నేలలో ఉండాలన్నది, ఆ తరవాత నీళ్లు ఎక్కడ నిలుస్తాయన్నది.

గుంత తవ్వి చూడండి

నీళ్లు నిలుస్తాయా లేదా అన్నది కళ్లతో చూసి చెప్పలేం. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఎర్ర గరప నేలలు పైకి ఇసుకలా ఉంటాయి. ఒకటిన్నర అడుగు కింద గట్టి పొర ఉంటే నీళ్లు దాని మీదే ఆగిపోతాయి. చేలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఒకటిన్నర అడుగు లోతు గుంత తవ్వండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి రెండు మూడు గంటల్లో దిగిపోతే ఏ దుంపైనా వేసుకోవచ్చు. మర్నాడు పొద్దునకి కూడా అడుగున నీళ్లు మిగిలి ఉంటే ఆ భూమి చెక్కలో కర్రపెండలం, చిలగడదుంప, కంద మూడూ మానుకోండి.

ఈ పరీక్ష మే నెలలో చేస్తే ఉపయోగం లేదు. ఎండిపోయి నోరు తెరుచుకున్న నేల ఎన్ని నీళ్లయినా తాగేస్తుంది. సెప్టెంబరులో, నేల బాగా తడిసి ఉన్నప్పుడు చేస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక ఏడాది ముందే చూసుకోవాలన్న మాట. అంత ఓపిక లేకపోతే పక్క చేను రైతుని అడగండి. తుపాను తరవాత ఏ మూల ఎన్ని రోజులు మడమ లోతు నీళ్లు ఉన్నాయో ఆయనకి గుర్తుంటుంది.

తీరానికి దగ్గరగా భూమి ఉన్నవాళ్లు బోరు నీళ్ల ఉప్పదనం కూడా పరీక్ష చేయించుకోవాలి. కర్రపెండలానికి ఉప్పు పడదు. చిలగడదుంపలో ఊదారంగు దుంప ఉండే భూ కృష్ణ రకం కొంత ఉప్పుని ఓర్చుకుంటుంది.

కర్రపెండలమా, చిలగడదుంపా

వానాధారపు మెట్టలో అసలు పోటీ ఈ రెండింటికే.

కర్రపెండలాన్ని వాతావరణ శాస్త్రవేత్తలు బాగా మెచ్చుకుంటారు. ఎందుకంటే గాలిలో తేమ తగ్గగానే ఆకు మీది రంధ్రాలు మూసుకుని నీళ్లని దాచుకుంటుంది. బెట్ట మరీ ముదిరితే ఆకులు రాల్చేసి కర్రలా నిలబడుతుంది, వాన పడగానే మళ్లీ చిగురిస్తుంది. వేడికీ భయపడదు. కొలంబియాలోని ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఆఫ్రికా మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 2030 నాటి వాతావరణానికి అక్కడి ప్రధాన తిండిపంటల్లో తక్కువ దెబ్బ తినేది కర్రపెండలమేనని తేల్చారు.

ఆఫ్రికా లెక్కని పట్టుకొచ్చి పద్మనాభంలో అతికించలేం. మొదటిది, ఇది ఎనిమిది నుంచి పది నెలల పంట. జూన్‌లో నాటితే అక్టోబరు తుపాను దీని నడి వయసులో వస్తుంది, తప్పించుకునే దారి లేదు. మనిషెత్తు కర్ర గాలికి పడిపోతే దుంప మెడ దగ్గర చీలి అక్కడి నుంచి కుళ్లు ఎక్కుతుంది. రెండోది, ఆకులు రాల్చి మళ్లీ చిగురించడానికి ఆ మొక్క వాడుకునేది దుంపలో దాచుకున్న పిండినే. అంటే బెట్ట తరవాత వాన పడి చేను పచ్చగా కనిపిస్తున్నప్పుడు తవ్వితే పిండి శాతం పడిపోయి ఉంటుంది. సగ్గుబియ్యం మిల్లులో రేటు కట్టేది పిండి చూసే. చేను కళకళలాడుతోందని తవ్వేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. చిగురించాక కొన్ని వారాలు ఆగాలి.

మూడోది మిల్లు దూరం. మన రాష్ట్రంలో కర్రపెండలం వ్యాపారమంతా పెద్దాపురం, సామర్లకోట చుట్టూనే ఉంది, విశాఖ నుంచి వంద కిలోమీటర్లు పైమాటే. తవ్విన కర్రపెండలం రెండు మూడు రోజులకే లోపల నీలి చారలు తేలి పాడవుతుంది. తుపాను ముందు హడావుడిగా తవ్వితే లారీ దొరకదు, తుపాను తరవాత రోడ్డు ఉండదు. నేలలో వదిలేస్తే నెలల తరబడి చెడదు కదా అంటారు, నిజమే, నీళ్లు నిలవని మెరకలో అయితే. కొనేవాడితో ముందే మాట అయిపోయి, మీ భూమి మెరకలో ఉంటే తప్ప దీన్ని ఎకరాలకెకరాలు వేయమని నేను చెప్పను.

తినడానికి వేసుకునేవాళ్లకి ఇంకో సంగతి. కర్రపెండలంలో సహజంగానే సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, బెట్ట ఏళ్లలో అది పెరుగుతుంది. పిండి కోసం పెంచే రకాలు కూరకి వాడకూడదు. తీపి రకమే అయినా తొక్క మందంగా తీసి, ముక్కలు కోసి, మూత పెట్టకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే దీనికి మేలా, కీడా అన్న ప్రశ్నకి శాస్త్రవేత్తలకే రెండు జవాబులు వచ్చాయి. ఆస్ట్రేలియా వాళ్లు కుండీల్లో పెంచి 2009లో చెప్పిందేమిటంటే దుంప బాగా తగ్గిందని. అమెరికాలోని ఇలినాయ్‌లో ఆరుబయట పొలంలోనే ఆ వాయువు వదిలి పెంచి 2012లో చెప్పిందేమిటంటే దుంప ఎండు బరువు రెట్టింపైందని. కుండీలో వేరుకి చోటు చాలదు, పొలంలో ఆ ఇబ్బంది లేదు. నేనైతే పొలం లెక్కనే ఎక్కువ నమ్ముతాను. అయినా మన ఎకరంలో మొక్కని ముంచేది ఆ వాయువు కాదు, అక్టోబరు నీళ్లు.

ఇక చిలగడదుంప. నా ఓటు దీనికే. ఎండకి తట్టుకుంటుందని మాత్రమే కాదు (కర్రపెండలంతో పోలిస్తే అందులో ఒక మెట్టు తక్కువే), మూడున్నర నుంచి నాలుగు నెలల్లో చేను ఖాళీ చేస్తుందని. మృగశిర వానకే నాటగలిగితే, తొందరగా ఊరే రకమైతే, సెప్టెంబరు నెలాఖరుకి దుంప ఇంట్లో ఉంటుంది. వాన ఆలస్యమై జూలై దాటిపోయిందా, ఖరీఫ్ మాట మర్చిపోండి. ఆగస్టులో నాటితే సరిగ్గా దుంప ఊరి, తొక్క పలచగా ఉన్నప్పుడు తుపాను నీళ్లలో చిక్కుతుంది. దానికి బదులు నవంబరులో, అక్టోబరు తుపానుల భయం తగ్గాక, నేలలో మిగిలిన తడి మీద నాటండి. డిసెంబరు, జనవరి రాత్రుల చల్లదనం దుంప ఊరడానికి మంచిది. రాత్రుళ్లు ఉక్కగా ఉంటే తీగ పరుగులు పెడుతుంది, కింద దుంప ఉండదు. యూరియా ఎక్కువ వేసినా ఇదే జరుగుతుంది. రబీలో వేస్తే నాలుగైదు తడులు ఇవ్వగలిగే నీళ్లు ఉండాలి. ముఖ్యంగా నాటిన మొదటి నెలన్నరలో తడి తప్పకూడదు, ఏ వేరు దుంప అవుతుందో తేలేది అప్పుడే. ఆ తరవాత బెట్ట పెట్టినా అంతగా బాధ లేదు.

గాలి విషయంలో దీనికి తిరుగులేదు. తీగ నేలనంటి పాకుతుంది, విరగడానికేమీ ఉండదు. బోదెల మీదే, అంటే ఎత్తుగా ఎగదోసిన మట్టి వరసల మీదే నాటండి, రెండడుగుల ఎడంతో, ముక్కకీ ముక్కకీ జానెడు దూరం ఉండేలా. ఎకరానికి 33 వేల పైచిలుకు తీగముక్కలు పడతాయి. చదును నేలలో నాటితే పని తక్కువ, అది నిజం. కుండపోత వాన పడ్డ రోజు మాత్రం బోదె ఎత్తే దుంపని కాపాడుతుంది.

దీని శత్రువు ముక్కు పురుగు. చీమకంటే కాస్త పెద్దగా, నీలం తల, ఎర్రటి నడుముతో ఉంటుంది. బెట్టకి బోదె పగిలి నెర్రెలు పడితే ఆ సందుల్లోంచి దిగి దుంపలో గుడ్లు పెడుతుంది. అంటే వేడి, బెట్ట పెరిగిన ఏడాది ఈ పురుగుదే రాజ్యం. దుంప పైకి బాగానే ఉంటుంది, కోస్తే నల్లటి సొరంగాలు, ముక్కుకి తగిలే చేదు వాసన. ఉడికించినా ఆ చేదు పోదు. అలాంటి దుంపలు గేదెలకి వేస్తారు కొందరు. వేయకండి, పురుగు తొలిచిన దుంపలో తయారయ్యే విషం పశువుల ఊపిరితిత్తులని దెబ్బ తీస్తుంది. నెలకీ రెండు నెలలకీ బోదెలకి మట్టి ఎగదోసి నెర్రెలు పూడ్చడం, ఆడపురుగు వాసనతో మగపురుగులని పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం, పంట ముదిరాక రేటు కోసం నేలలో ఉంచకుండా తవ్వేయడం, ఈ మూడూ చేస్తే చాలా వరకు అదుపులో ఉంటుంది. పోయిన ఏడాది వేసిన చెక్కలోనే మళ్లీ వేయకండి.

రకాల విషయానికొస్తే, తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన భూ సోనా లోపల నారింజరంగులో ఉంటుంది, వంద గ్రాములకి 14 మిల్లీగ్రాముల దాకా బీటా కెరోటిన్. పిల్లల కంటిచూపుకి మంచిదని ఇలాంటి నారింజ దుంపలని ఆఫ్రికాలో ఊరూరా తీసుకెళ్లినందుకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి కూడా ఇచ్చారు. మన బజారులో మాత్రం ఎర్రతొక్క, తెల్లకండ దుంపకే గిరాకీ. రైతు బజారులో అమ్మేవాళ్లు మూడు వంతులు పాతరకం, ఒక వంతు నారింజరకం వేసి అలవాటు చేయడం మేలు.

కందకి పెట్టుబడి, చేమకి నీళ్లు

బోరు, డ్రిప్పు ఉన్నవాళ్లు కంద గురించి ఆలోచించవచ్చు. ఎకరంలో ఎటు చూసినా మూడడుగుల దూరంతో దాదాపు 5 వేల మొక్కలు, ఒక్కోదానికి అరకిలో విత్తన దుంప. రెండున్నర టన్నులు! దుంప కొని భూమిలో పాతిపెట్టడమే అది. అందుకే మొదటి ఏడాది పావు ఎకరంతో మొదలుపెట్టి, విత్తనం మీరే పెంచుకోండి. విత్తన దుంప కోసేటప్పుడు ప్రతి ముక్కకీ నడుమ ఉండే కన్ను భాగం కొంచెమైనా రావాలి. కేకులాగా పైనుంచి కిందికి చెక్కలుగా కోయాలి తప్ప అడ్డంగా బిళ్లలుగా కోయకూడదు. కోసిన ముక్కలు పేడనీళ్లలో ముంచి, నీడలో ఒక రోజు ఆరబెట్టి నాటతారు.

ఇన్ని ఖర్చులున్నా కందని ఎందుకు చెబుతున్నానంటే దాని క్యాలెండరు మన తుపానులకి సరిపోతుంది. ఫిబ్రవరి చివర, మార్చిలో నీటి వసతితో నాటితే అక్టోబరుకి దుంప ఊరడం దాదాపు అయిపోతుంది, కాడలు పసుపెక్కి వాలిపోయే దశలో ఉంటాయి. అప్పుడు గాలి వచ్చి కాడ విరిచినా పోయేది తక్కువే. అదే జూన్‌లో నాటితే ఒక్క కాడ మీద ఆధారపడ్డ మొక్క కాబట్టి, అక్టోబరులో ఆ కాడ విరిగితే దుంప పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. కొబ్బరి తోటల్లో, లేత మామిడి తోటల్లో అంతరపంటగా వేస్తే వేసవి ఎండ దెబ్బ కూడా తగ్గుతుంది. మొదట్లో ఎండుగడ్డి, కొబ్బరి ఆకులు మందంగా కప్పాలి, ఏప్రిల్, మే వేడికి కప్పు లేని చేలో మొలక మాడిపోతుంది. నీళ్లు నిలిస్తే కాడ మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుళ్లు కనబడతాయి. అది మొదలు కుళ్లు. ఆ మొక్కని మట్టితో సహా తీసేయడమే.

తవ్వాక కంద తొందరపెట్టదు. దెబ్బ తగలని దుంపని గాలాడే నీడలో పరిస్తే నెలల పాటు ఉంటుంది. కార్తీకంలో కందబచ్చలి వండే ఇళ్లు, పెళ్లిళ్ల వంటలు ఉన్నన్నాళ్లు గిరాకీకి లోటుండదు. గజేంద్ర రకం దురద పెట్టదు, మన కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిందే. కొత్తగా వేసేవాళ్లు వేరే రకం జోలికి వెళ్లనక్కర్లేదు.

చేమదుంపది దీనికి పూర్తిగా ఎదురు లెక్క. ఇందాక చెప్పిన గుంత పరీక్షలో నీళ్లు మర్నాటి దాకా నిలిచిన చెక్క ఉందే, అది చేమకి వదిలేయండి. నీళ్లలో కూడా వేరుకి గాలి అందించుకునే ఏర్పాటు దాని కాడలోనే ఉంది. గట్ల వెంట, చెరువు కింద, కాలవ పక్కన వేసుకోవచ్చు. ఆరేడు నెలల పంట. బెట్టకి మాత్రం అన్ని దుంపల్లోకీ బలహీనం, తడి తప్పితే పిల్లదుంపలు గోలీల్లాగే ఉండిపోతాయి. వానాధారంగా వేయకండి.

దాని ఇంకో కష్టం ఆకుమాడు తెగులు. ముసురు పట్టి, రాత్రుళ్లు చల్లగా, పగలు వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో చేనంతా చుట్టేస్తుంది. పొద్దున్నే మంచు ఆరకముందు చూడండి: ఆకు మీద నీళ్లు ఊరినట్టున్న గుండ్రటి మచ్చ, దాని అంచున తెల్లటి బూజు, మచ్చ మధ్యలో తేనెరంగు బొట్లు. పది గంటలయ్యాక వెళితే బూజు కనబడదు, మామూలు ఎండు మచ్చలా అనిపిస్తుంది. సమోవా దీవుల్లో 1993లో ఈ తెగులు వచ్చి చేమ ఎగుమతినే తుడిచిపెట్టింది. ముక్తకేశి రకం దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. మొక్కలు దూరం దూరంగా నాటి, కింది ఆకులు తీసేస్తూ ఉంటే గాలాడి ఉధృతి తగ్గుతుంది.

మిగిలినవి

పెండలం వేరు, కర్రపెండలం వేరు. పెండలం తీగకి పందిరో, కర్రలో కావాలి. తీరంలో అక్టోబరు గాలికి పందిరి నిలవదు. అరకు, పాడేరు కొండల్లో చెట్టుకి పాకించి పెంచుకుంటారు, అక్కడ అది చక్కటి పంట. కింద మైదానంలో కంచె వెంట ఇంటి వాడకానికి నాలుగు పాదులు చాలు.

బంగాళాదుంప మాట చాలామంది అడుగుతారు, రోజూ తినేది అదే కాబట్టి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే దానికి దుంప ఊరడం తగ్గిపోతుంది. విశాఖ తీరంలో అంత చల్లటి రాత్రులు ఉండేదే కొద్ది వారాలు, ఏటేటా అవీ తగ్గేలా ఉన్నాయి. వేడికి ఓర్చే కుఫ్రీ సూర్య లాంటి రకాలు ఉన్నాయి గానీ విత్తనం ఉత్తరాది నుంచి తెచ్చుకోవాలి. లంబసింగి, చింతపల్లి, అరకు వైపు శీతాకాలంలో ప్రయత్నించవచ్చు. ఆనందపురంలో మాత్రం డబ్బు వృథా.

ఊళ్లో మేడ మీద పెంచుకునేవాళ్లకి చిలగడదుంపే సులువు. అడుగు లోతు సంచీ, అడుగున నాలుగు కన్నాలు, సగం మట్టి, సగం ఎరువు, ఇసుక. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు సంచులని పిట్టగోడ మూలకి చేర్చి, కన్నాలు పూడుకుపోలేదని చూసుకోండి. సముద్రం గాలి నేరుగా తగిలే మేడలైతే ఆకు అంచులు ఉప్పుకి మాడతాయి, మంచినీళ్లతో ఒకసారి కడిగితే తేరుకుంటాయి.

విత్తనం సంగతి

పై పోలికలన్నీ సరిచూసుకున్నా, నాటే రోజుకి విత్తనం చేతిలో లేకపోతే ఆ క్యాలెండరు ఎందుకూ పనికిరాదు. కంద, చేమ విత్తన దుంపలు నీడలో దాచుకోవచ్చు. కర్రపెండలం కర్రలు చెట్టు నీడలో నిలబెట్టి ఉంచితే కొన్ని వారాలు బతుకుతాయి. తీసుకునేటప్పుడే ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, ఆకు ముడుచుకున్న చెట్ల కర్రలు పక్కన పడేయండి. అది మొజాయిక్ తెగులు. తెల్లదోమ మోసుకొచ్చేది కొంతే, రైతులు కర్రలతో పాటు మోసుకొచ్చేది ఎక్కువ. కర్రని జానెడు ముక్కలు చేసి, ముందు ఒక చిన్న మడిలో దగ్గర దగ్గరగా గుచ్చి, మూడు వారాల్లో మచ్చలు తేలినవి పీకేసి, మిగిలినవే చేలో నాటండి.

అసలు టెన్షన్ చిలగడ తీగతోనే. దాన్ని ఎండబెట్టి దాచలేం, ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. ఫిబ్రవరిలో దుంప తవ్వినప్పుడే పురుగు లేని మంచి తీగల కొనలు ఒక వంద కోసి, నూతి దగ్గరో, స్నానాల గది నీళ్లు పారే చోటో ఒక చిన్న మడిలో నాటి పెట్టుకోండి. ఏప్రిల్‌లోనే ఆ తీగల్ని కోసి పెద్ద మడిలోకి మార్చి పెంచితే నాటుకి కావలసిన ముక్కలు చాలావరకు సొంతంగానే వస్తాయి. మృగశిర వాన పడ్డాక తీగ కోసం వెతకడం మొదలుపెడితే అది దొరికేసరికి ఆరుద్ర వెళ్లిపోతుంది. అప్పటికి ఇంకా ముక్కలు చాలకపోతే ఉన్నంత మేరకే నాటి, మిగిలిన చెక్క నవంబరుకి వదిలేయండి.